గుణించాల్నా, భాగించాల్నా? ప్రొద్దుటూరు చెల్లెలి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: మేడమ్ నమస్తే. మాది ప్రొద్దుటూరు. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడే పెళ్ళి చేసినారు, ఇప్పుడు నాకు 33. ఆరేండ్లుగా ఒక మెడికల్ షాపులో పని చేస్తున్నా. డీఫార్మసీ చేయాలని ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టినా. బయాలజీ బాగానే ఎక్కుతోంది, కెమిస్ట్రీలో మోల్స్ కాడ ఆగిపోయినా. 9 గ్రాముల నీళ్ళలో ఎన్ని అణువులు ఉంటాయి అని ఒక లెక్క. గైడులో ఒకచోట 18తో భాగించినారు, తర్వాత 6.022 తో గుణించినారు, ఇంకో లెక్కలో అదే 6.022 తో భాగించినారు. ఎప్పుడు ఏది చేయాలో నాకు తెలీడం లేదు. అసలు ఆ 6.022 ఇంటూ 10 పవర్ 23 ఎవరు కూర్చుని లెక్కపెట్టినారు? మావాడు తొమ్మిదో తరగతి, వాన్ని అడిగితే ఫార్ములా బట్టీ కొట్టెయ్ మా అంటాడు. రాత్రి బట్టీ కొడితే పొద్దున్నకు ఉండదు. నా వయసుకు ఇది ఇంగ ఎక్కదా, కెమిస్ట్రీ లేని గ్రూపుకు మారిపోయేదా?

జవాబు:

చెల్లీ, నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోవద్దు, నీకంటే ఇరవై ఏండ్లు పెద్దదాన్ని. ముందు నీ ఆఖరి ప్రశ్నకు చెప్తా. గ్రూపు మార్చొద్దు. డీఫార్మసీకి ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాల్సిందే, వాటితో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉండాల, ఇప్పుడు కెమిస్ట్రీ వదిలితే నువ్వు పోవాలనుకున్న దారే మూసుకుపోతుంది. ఇంగ వయసు సంగతి. నేను కర్నూల్లో ఇరవై ఏడేండ్లు ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినా, "ఆ సంఖ్య ఎవరు కూర్చుని లెక్కపెట్టినారు" అని నోరు తెరిచి అడిగిన పిల్లలు నాకు వేళ్ళ మీద లెక్కకు వస్తారు. అడిగినావంటే నీకు బుర్ర ఎక్కక కాదు, మొట్టమొదట చెప్పాల్సిన మాట నీకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ మాట ఏందంటే, లెక్కపెట్టడానికి చేతకాని వాటిని తూచి లెక్కపెట్టే ఉపాయమే మోల్.

మీ పక్క శెనిక్కాయలంటారు, మా కర్నూలు పక్క బుడ్డలంటాం. ఒలిచిన విత్తనాలు 30 కేజీల మూట ఒకటి ఉంది, అందులో ఎన్ని గింజలున్నాయో చెప్పమంటే ఏం చేస్తావు? మూట కుమ్మరించి ఒకటి రెండు మూడు అని కూర్చోవు గదా. ఒక నూరు గింజలు ఎంచి తూస్తావు. అవి 40 గ్రాములు తూగినాయనుకో, మూటలో 30,000 గ్రాములు, దాన్ని 40తో భాగిస్తే 750 నూర్లు, అంటే 75,000 గింజలు. చేయి పెట్టి లెక్కపెట్టింది నూరు మాత్రమే, మిగతాదంతా తక్కెడ లెక్కపెట్టింది. విత్తనాలతో పని చేసేవాళ్ళు నూరు గింజల బరువు అని రాసుకునేది ఇందుకే. నువ్వు అడిగిన 9 గ్రాముల నీళ్ళ లెక్క కూడా అచ్చం ఇదే, 40 గ్రాముల బదులు 18 గ్రాములు, నూరు బదులు ఇంకో సంఖ్య, అది కొంచెం పెద్దది.

కొంచెం కాదులే, ఊహకు అందనంత పెద్దది. 10 పవర్ 23 అంటే మనకు కంటికి కనపడదు, మన లెక్కలో చెప్పుకుంటే కొంచెం పట్టు దొరుకుతుంది. కోటిని కోటితో గుణించి, దాన్ని మళ్ళీ కోటితో గుణిస్తే 10 పవర్ 21. కాబట్టి 6.022 × 10²³ అంటే 602 కోట్ల కోట్ల కోట్లు. సెకనుకు ఒకటి చొప్పున పగలూ రాత్రీ ఆపకుండా లెక్కపెడితే 190 కోట్ల కోట్ల ఏండ్లు పడుతుంది, ఈ విశ్వం పుట్టి ఇప్పటికి సుమారు 1,380 కోట్ల ఏండ్లే. అందుకే ఎవరూ కూర్చుని లెక్కపెట్టలేదు, ఎట్ల తెలుసుకున్నారో కిందికి వచ్చినాక చెప్తా.

ఈ సంఖ్యే ఎందుకు, ఏదైనా గుండు సంఖ్య పెట్టుకోవచ్చు గదా, వెయ్యో కోటో, అని నాకు ఇంటర్లో అనుమానం వచ్చింది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇంటర్లో ఇంగ్లీష్ మీడియంలో వేసినారు, మా లెక్చరర్ బోర్డు మీద ఒక త్రిభుజం గీసి పైన గ్రాములు, కింద మోల్స్, మోలార్ మాస్ రాసి, ఏది కావాలో దాన్ని వేలితో మూస్తే మిగిలిందే ఫార్ములా అన్నారు. క్లాసంతా ఆ త్రిభుజం రాసుకున్నాం. క్వార్టర్లీలో ఆ త్రిభుజం నాకు తలకిందులుగా గుర్తొచ్చింది, మోల్స్ లెక్కలన్నీ తప్పినా. ఆ రోజు ఇంటికి పోయి ఏడ్చినా, అందుకే నీ ఉత్తరం చదివినాక రెండు మాటల్లో చెప్పి వదిలేయబుద్ధి కాలేదు.

నువ్వుండేది ప్రొద్దుటూరు, బంగారు అంగళ్ళకు కొదవ లేని ఊరు. కంసాలి వెనకటి కాలంలో దేంతో తూచేవాడు? గురిగింజతో. గురిగింజెత్తు బంగారం అనే మాట మన ముసలమ్మల నోట ఇంకా వినిపిస్తుంది. చిన్నదాన్ని తూచాలంటే చిన్న తూకపురాయి కావాల. పరమాణువులను తూచడానికి సైన్సోళ్ళు పెట్టుకున్న గురిగింజ ఏందంటే, కార్బన్-12 పరమాణువు బరువులో పన్నెండో వంతు. ఆ గురిగింజ లెక్కన హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16. పుస్తకం వెనక పట్టికలో పరమాణు ద్రవ్యరాశి అని ఉండేవి ఇవే. నీళ్ళ అణువులో రెండు హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్, 1+1+16, మొత్తం 18 గురిగింజలు. ఇప్పుడు అసలు ఉపాయం చూడు. ఆ గురిగింజలు ఎన్ని పోగేస్తే మన తక్కెడలో సరిగ్గా ఒక గ్రాము అవుతుంది? 6.022 × 10²³ పోగేస్తే అవుతుంది. అందుకే ఆ సంఖ్య. అన్నేసి అణువులు తీసుకుంటే, దాన్నే ఒక మోల్ అంటారు, గురిగింజల్లో ఉన్న బరువే గ్రాముల్లోకి వచ్చేస్తుంది, నీళ్ళ అణువు 18 గురిగింజలు కాబట్టి ఒక మోల్ నీళ్ళు 18 గ్రాములు, గ్లూకోజు అణువు 180 గురిగింజలు కాబట్టి ఒక మోల్ గ్లూకోజు 180 గ్రాములు. గుండు సంఖ్య పెట్టుకొని ఉంటే ఈ సులువు ఉండేది కాదు.

ఇంగ నిన్ను ఏడిపిస్తున్న గుణించాల్నా భాగించాల్నా దగ్గరికి వద్దాం. అరటిపండ్లు 5 డజన్లంటే ఎన్ని? 60 అని నోట్లోంచి వచ్చేస్తుంది, 12తో గుణించినావు. 60 పండ్లంటే ఎన్ని డజన్లు? 5, భాగించినావు. దీనికి నీకు ఎవరూ ఫార్ములా చెప్పలేదు, త్రిభుజం గీయలేదు. మోల్ కూడా డజను లాంటి మాటే, 12 బదులు 602 కోట్ల కోట్ల కోట్లు, అంతే తేడా. మోల్స్ ఇచ్చి అణువులు ఎన్ని అంటే గుణించు, అణువులు ఇచ్చి మోల్స్ ఎన్ని అంటే భాగించు. నీ గైడులో ఒకచోట గుణించి ఇంకోచోట భాగించింది ఇందుకే, రెండూ కరెక్టే, ఒకటి పోయే బస్సు, ఇంకొకటి తిరిగొచ్చే బస్సు.

బస్సు అంటే గుర్తొచ్చింది, గ్రాముల నుంచి అణువులకు నేరుగా బస్సు లేదు. ప్రొద్దుటూరు నుంచి రాయచోటికి పోవాలంటే కడపలో దిగి మారేవాళ్ళు ఎట్ల పోతారో అట్ల, గ్రాముల కాడ ఎక్కి మోల్ కాడ దిగాల, అక్కడ ఇంకో బస్సు ఎక్కి అణువుల కాడికి పోవాల. మొదటి బస్సుకు టికెట్టు ఆ పదార్థం మోలార్ ద్రవ్యరాశి, అంటే దాని ఒక మోల్ బరువు, ఒక్కో పదార్థానికి ఒక్కో రేటు. రెండో బస్సుకు టికెట్టు అవొగాడ్రో సంఖ్య, అంటే ఆ 6.022 × 10²³, అది నీళ్ళకైనా చక్కెరకైనా ఒకటే రేటు. తప్పు చేసే పిల్లల్లో సగం మంది కడపలో దిగకుండా 9 గ్రాములను నేరుగా 6.022 × 10²³ తో గుణించేస్తారు. లెక్క మొదలుపెట్టేముందు కాగితం మీద గ్రాములు, మోల్స్, అణువులు అని మూడు ఊర్లు వరసగా రాసుకో, నీకు ఇచ్చింది ఏ ఊరో అడిగింది ఏ ఊరో గీత గీసుకో, ఆ తర్వాతే పెన్ను కదిలించు.

నీ 9 గ్రాముల నీళ్ళు చేద్దాం. 9ని 18తో భాగిస్తే 0.5 మోల్. 0.5 ను 6.022 × 10²³ తో గుణిస్తే 3.011 × 10²³ అణువులు. అయిపోయింది. ఇంతటితో వదిలితే మంచి పేపర్ సెట్టర్ కాదు కాబట్టి దాని కిందే "హైడ్రోజన్ పరమాణువులు ఎన్ని" అని అడుగుతాడు. ఒక్కో అణువులో రెండు హైడ్రోజన్లు, కాబట్టి రెండింతలు, 6.022 × 10²³. మొత్తం పరమాణువులు ఎన్ని అంటే మూడింతలు, 9.033 × 10²³. ఇక్కడ మాత్రం కళ్ళు పెట్టి చదవాల, అడిగింది అణువులా పరమాణువులా అని.

ఈ రెండు మాటలు కలిసిపోవడానికి మన భాషలో ఒక కారణం కూడా ఉంది. పాఠంలో అణువు అంటే మాలిక్యూల్, పరమాణువు అంటే ఆటమ్. కానీ పేపర్లో అణుబాంబు, అణుశక్తి, అణు విద్యుత్తు అని రాస్తారు, అవన్నీ పరమాణువు లోపలి కేంద్రకానికి సంబంధించినవి. చిన్నప్పటి నుంచి అణువంటే అన్నింటికంటే చిన్నది అని చెవిలో పడి ఉంటుంది కాబట్టి లెక్కలో అణువు అని కనపడగానే మనసు పరమాణువు వైపు పోతుంది. నీ నోటుపుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకో, పరమాణువులు కలిస్తే అణువు. ఆక్సిజన్ గ్యాస్ 32 గ్రాములంటే ఒక మోల్ అణువులు, కానీ రెండు మోల్స్ పరమాణువులు, ఎందుకంటే ఆక్సిజన్ గాల్లో జంటగా తిరుగుతుంది.

ఇంకోటి, అన్నింటికీ అణువులు ఉండవు. బంగారంలో అణువు అనేది లేదు, పరమాణువులే వరసగా పేర్చుకొని ఉంటాయి. బంగారం 197 కాబట్టి ఒక గ్రాములో 1 భాగించు 197, అంటే 0.00508 మోల్, సుమారు 3.06 × 10²¹ పరమాణువులు. ఉప్పులోనూ అణువు లేదు, సోడియం అయాన్లు క్లోరైడ్ అయాన్లు ఒకటి విడిచి ఒకటి కూర్చొని ఉంటాయి, అక్కడ ఫార్ములా యూనిట్ అంటారు. లెక్క చేసే పద్ధతి ఏమీ మారదు, చివర రాసే మాట ఒకటే మారుతుంది.

ఇప్పుడు నీ షాపు లెక్క ఒకటి. పారాసిటమాల్ 500 బిళ్ళ రోజుకు ఎన్నిసార్లు చింపి ఇస్తుంటావో. ఒక బిళ్ళలో ఎన్ని అణువులు ఉంటాయి? పారాసిటమాల్ అణువులో 8 కార్బన్లు, 9 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్, 2 ఆక్సిజన్లు. 8 పన్నెండ్లు 96, ఒక తొమ్మిది, ఒక పద్నాలుగు, రెండు పదహార్లు 32, మొత్తం 151. అంటే ఒక మోల్ పారాసిటమాల్ 151 గ్రాములు. ఇక్కడ ఆగు, అందరూ జారిపడే చోటు ఇదే. బిళ్ళ మీద ఉండేది 500 మిల్లీగ్రాములు, మోలార్ ద్రవ్యరాశి గ్రాముల్లో ఉంది. 500ని 151తో భాగిస్తే 3.31 మోల్ వస్తుంది, అంటే ఒక్క బిళ్ళలో అరకేజీ మందు ఉందని రాసినట్టు. షాపులో 500కి 650కి తేడా చూసే కన్ను నీకు ఉంది గదా, ఆ కన్నుతోనే యూనిట్లు చూడాల. 500 మిల్లీగ్రాములు అంటే 0.5 గ్రాము, 0.5 ను 151తో భాగిస్తే 0.00331 మోల్. దాన్ని 6.022 × 10²³ తో గుణించాల. ముందు పవర్ పక్కన పెట్టేసి 0.00331 ఇంటూ 6.022 చేయి, 0.0199 వస్తుంది. ఇప్పుడు చుక్కను కుడికి రెండు స్థానాలు జరిపితే 1.99, జరిపిన రెండూ పవర్లోంచి తగ్గించు, 23 పోయి 21. జవాబు 1.99 × 10²¹, అంటే దగ్గరదగ్గర రెండు కోట్ల కోట్ల కోట్ల అణువులు. నీ కౌంటర్ మీద ఉండే ఒక్క తెల్ల బిళ్ళలో!

చుక్క జరిపేది తికమకగా ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకో, ముందున్న సంఖ్య పెద్దదైతే పవర్ చిన్నది కావాల, అది చిన్నదైతే పవర్ పెద్దది కావాల, త్రాసులో రెండు తట్టల లాగా. ఇంగ జవాబు వచ్చినాక ఒకసారి కళ్ళతో చూడు. కంటికి కనపడేంత పదార్థం తీసుకొని అణువులు ఎన్ని అంటే జవాబు ఎప్పుడూ బ్రహ్మాండమైన సంఖ్యే కావాల. నీకు 8.3 × 10⁻²⁵ లాంటిది వచ్చిందంటే గుణించాల్సిన చోట భాగించినావు అని అర్థం, అరకొర అణువు అని ఏమీ ఉండదు కదా. పరీక్ష హాల్లో ఈ ఒక్క చూపు ఎన్ని మార్కులు కాపాడుతుందో నేను దిద్దిన పేపర్లకే తెలుసు.

తిరుగు బస్సు కూడా ఒకటి చేసి చూపిస్తా. 1.2044 × 10²⁴ నీళ్ళ అణువుల బరువు ఎంత? అణువుల కాడ ఎక్కినాం, కడపలో దిగాల, 6.022 × 10²³ తో భాగించు, 2 మోల్స్. అక్కడి నుంచి గ్రాములకు, 18తో గుణించు, 36 గ్రాములు. పోయేటప్పుడు భాగించి గుణించినాం, వచ్చేటప్పుడు కూడా భాగించి గుణించినాం, కాకపోతే ఏ టికెట్టుతో ఏది అనేది తిరగబడింది.

గ్యాసుల లెక్కల్లో 22.4 లీటర్లు అని వస్తుంది, దాన్ని గురించి ఎక్కువ చెప్పను. ఒక మోల్ గ్యాసు సున్నా డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడిలో పట్టే చోటు అది. పేపర్లో ఆ వేడిమి, ఆ ఒత్తిడి ఇచ్చి ఉంటేనే వాడు. పాత పుస్తకాల్లో దీన్నే ఎస్టీపీ అనేవాళ్ళు, కొత్త పుస్తకాల్లో ఎస్టీపీ అంటే ఒత్తిడి ఒక బార్, అప్పుడు 22.7 లీటర్లు. మే నెలలో ప్రొద్దుటూరు ఎండ 40 డిగ్రీలుంటే అదే ఒక మోల్ గ్యాసుకు 25.7 లీటర్లు కావాల.

ఇంగ ఎవరు లెక్కపెట్టినారు అన్నావు గదా. పేరు అవొగాడ్రోది గానీ ఆయన లెక్కపెట్టలేదు, ఆ సంఖ్య ఎంతో కూడా ఆయనకు తెలీదు. ఇటలీలో టూరిన్ ఊరాయన, చదివింది లా. 1811లో ఒక మాట రాసినాడు, ఒకే వేడిమి ఒకే ఒత్తిడిలో సమాన ఘనపరిమాణం ఉన్న ఏ గ్యాసులోనైనా అణువుల సంఖ్య సమానం అని. యాభై ఏండ్ల దాకా ఆ మాటను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, ఆయన 1856లో పోయినాడు, 1860లో జర్మనీలో కార్ల్‌స్‌రూహె ఊర్లో కెమిస్టులంతా సభ పెట్టుకుంటే కానిజారో అనే ఇంకో ఇటలీ ఆయన దాన్ని మళ్ళీ లేవనెత్తి అందరికీ అర్థమయ్యేట్టు చెప్పినాడు. 1865లో ఆస్ట్రియాకు చెందిన లోష్మిట్ గాలి అణువుల సైజు అంచనా కట్టినాడు, దాంతో సంఖ్యకు మొదటి దారి పడింది.

తర్వాత ఫ్రాన్సులో జాన్ పెరాన్ చేసింది నాకు చాలా ఇష్టం. చెట్టు బంకతో చేసిన పసుపు రంగు ముద్దను నీళ్ళలో కలిపి, అందులో తేలే సన్నటి నలుసులను మైక్రోస్కోపులో చూస్తూ, కింద ఎన్ని ఉన్నాయి, కొంచెం పైన ఎన్ని ఉన్నాయి అని ఓపికగా లెక్కపెట్టినాడు. కొండ మీదికి పోయేకొద్దీ గాలి పలచబడినట్టే నలుసులు కూడా పైకి పోయేకొద్దీ పలచబడినాయి. ఆ పలచబడే తీరును బట్టి అణువుల లెక్క కట్టినాడు, ఇప్పటి సంఖ్యకు దగ్గరగానే వచ్చింది. 1909లో దానికి అవొగాడ్రో పేరు పెట్టాలన్నది కూడా ఆయనే, 1926లో నోబెల్ వచ్చింది. చూడు, ఆయన చేసింది కూడా మన నూరు గింజల పనే, లెక్కపెట్టగలిగింది కొంచెం లెక్కపెట్టి, లెక్కపెట్టలేనిది దాని మీద కట్టుకున్నాడు. ఈ కాలంలో ఒక కేజీ బరువున్న నున్నటి సిలికాన్ గోళం చేసి, ఎక్స్‌రేతో పరమాణువుల మధ్య దూరం కొలిచి ఇంకా కచ్చితంగా తేల్చినారు. 2019 మే 20 నుంచి ఆ సంఖ్యను 6.02214076 × 10²³ అని స్థిరం చేసేసినారు, ఇంగ కొలిచేది లేదు, మోల్ అంటేనే ఆ సంఖ్య అని అర్థం. పాత గైడుల్లో 12 గ్రాముల కార్బన్-12 లో ఉన్నన్ని అని ఉంటుంది, అది వెనకటి నిర్వచనం.

ఇదంతా నాకెందుకు, మందులు గ్రాముల్లో అమ్ముతాం గదా అని నీకు అనిపించొచ్చు. దీనికి జవాబు నీ షాపులోనే ఉంది, ఓఆర్ఎస్ ప్యాకెట్టు తీసి వెనక చూడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్యాకెట్టు అయితే లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5, సోడియం సిట్రేటు 2.9 అని ఉంటుంది. మొత్తం 20.5 గ్రాములు. చూస్తే గ్లూకోజు ఎక్కడ, ఉప్పు ఎక్కడ, పొంతనే లేదు. ఇప్పుడు కడపలో దిగి చూడు. గ్లూకోజు 13.5 ను 180తో భాగిస్తే 0.075 మోల్. ఉప్పు 2.6 ను 58.5 తో భాగిస్తే 0.0444 మోల్, అంత సోడియం వచ్చింది. సిట్రేటు 2.9 ను 294తో భాగిస్తే 0.00986, ఒక్కోదాంట్లో మూడు సోడియంలు కాబట్టి 0.0296. రెండూ కలిపితే 0.074. గ్లూకోజు 0.075, సోడియం 0.074, దాదాపు తల ఒకటికి తల ఒకటి! కొన్ని ప్యాకెట్ల మీద సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్స్ అని అచ్చువేసి కూడా ఉంటుంది.

అట్ల ఎందుకు పెట్టినారంటే, మన పేగు గోడలో సోడియాన్నీ గ్లూకోజునూ కలిపి లోపలికి మోసే ద్వారాలు ఉంటాయి, ఆ రెండూ లోపలికి పోతే వాటి వెనకే నీళ్ళు పోతాయి. విరేచనాలైనప్పుడు కూడా ఆ ద్వారాలు పనిచేస్తూనే ఉంటాయి. ఆ ద్వారానికి గ్రాములు తెలీవు, అది ఒక్కొక్క అయాన్ను ఒక్కొక్క అణువును చూస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్లో బన్‌గావ్ శరణార్థుల కాడ కలరా వస్తే సెలైన్ బాటిళ్ళు చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఇట్లాంటి ఉప్పు గ్లూకోజు నీళ్ళే తాగించి ఎంతోమందిని బతికించినాడు. ఆ నీళ్ళ వెనక ఉన్నది మోల్స్ లెక్కే.

అందుకే ఒక మాట అడుగుతా, నీ షాపుకు వచ్చేవాళ్ళు లీటరు ప్యాకెట్టును ఒక గ్లాసు నీళ్ళలో కలిపేస్తున్నారేమో ఎప్పుడైనా విన్నావా? మా వీధిలో నేను కళ్ళారా చూసినా, చిక్కగా ఉంటే బలం అనుకుంటారు. లీటరుకు కలపాల్సింది 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అణువులు అన్నే ఉంటాయి, నీళ్ళు ఐదో వంతే, చిక్కదనం ఐదింతలు. అప్పుడు పేగు నీళ్ళు పీల్చుకోవడం మాని, ఒంట్లోని నీళ్ళే పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి, చిన్నపిల్లలకైతే ప్రమాదం. ప్యాకెట్టు ఇచ్చేటప్పుడు "మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపండి, వేరే ఏమీ కలపొద్దు" అని రెండు మాటలు చెప్పు. ఎందుకో ఇప్పుడు నీకు లెక్కతో సహా తెలుసు.

చదవడానికి ఎట్ల పెట్టుకోవాలంటే, రోజూ షాపులో ఖాళీ దొరికినప్పుడు ఒక్క స్ట్రిప్పు తీసుకో, ఒక్క లెక్క చేయి. ఫార్ములా ఇంటర్నెట్లో చూసుకో, బరువులు కూడు, మిల్లీగ్రాములు గ్రాములు చేయి, మూడు ఊర్లు రాసుకో. పది రోజులు పది మందులు చేసినాక గైడు లెక్కలకు పో. మీవాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో, వాడు బట్టీ కొట్టిన ఫార్ములా ఎందుకు పనిచేస్తుందో వాడికి నువ్వు గింజలతో చూపించు, వంటింట్లో కందులో శనగలో ఉంటాయి, బియ్యం తూచే చిన్న త్రాసు ఉన్నా చాలు.

రెండు లెక్కలు ఇస్తున్నా, చేసి రాయి. ఒకటి, గుండె మందుగా ఇచ్చే ఆస్పిరిన్ 75 మిల్లీగ్రాముల బిళ్ళలో ఎన్ని అణువులు, ఆస్పిరిన్లో 9 కార్బన్లు, 8 హైడ్రోజన్లు, 4 ఆక్సిజన్లు. నీకు 2.5 × 10²⁰ దగ్గర రావాల, 10²³ వచ్చిందంటే మిల్లీగ్రాముల కాడ జారినావు. రెండోది, 45 కేజీల యూరియా మూటలో ఎన్ని మోల్స్, యూరియా మోలార్ ద్రవ్యరాశి 60 గ్రాములు. దీనికి జవాబు చెప్పను, గుండు సంఖ్యే వస్తుంది, వస్తే నీకే తెలిసిపోతుంది.